అమ్మాన్‌లో ఎనిమిది వారాల అరబిక్ కోర్సు: వెళ్లేముందు ఇంటిదగ్గర ఏం చదవాలి?

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. జూన్‌లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఎనిమిది వారాల ఇంటెన్సివ్ అరబిక్ కోర్సుకు సీటు వచ్చింది. నాకు అక్షరాలు తప్ప ఏమీ రావు. ఉర్దూ కూడా రాదు. చేతిలో నాలుగు నెలలున్నాయి. ఏం చదవాలి? ఏం తీసుకెళ్లాలి? ఇంట్లో అమ్మ బాగా టెన్షన్ పడుతోంది.

చెల్లీ, నాది కడప. 2018 ఎండాకాలంలో నేనూ అమ్మాన్‌లో ఇలాంటి కోర్సే చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఒమన్, యెమెన్, సూడాన్, ఇరాక్‌ల నుంచి వచ్చే రోగులకూ డాక్టర్లకూ మధ్య మాటలు అందించడమే నా ఉద్యోగం. నువ్వడిగినవన్నీ వెళ్లేముందు నేనూ అడగాల్సిన ప్రశ్నలు. అప్పుడు అడగడానికి నాకెవరూ దొరకలేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. వారానికి ఐదు రోజులు, రోజుకు నాలుగు గంటలు అనుకుంటే ఎనిమిది వారాలకు 160 గంటల క్లాసు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న తమ ఉద్యోగులకు అరబిక్ బాగా రావాలంటే 2200 క్లాసు గంటలు పడుతుందని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. మన మాతృభాష తెలుగు కాబట్టి ఆ అంకె మనకు అచ్చంగా వర్తించదు, కానీ ప్రయాణం ఎంత దూరమో తెలుస్తుంది. ఎనిమిది వారాల్లో అరబిక్ వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఆ 160 గంటలు ఎక్కడ మొదలవుతాయన్నదే అసలు విషయం. అక్షరాలు కూడబలుక్కునే చోట మొదలైతే సగం అక్కడే కరిగిపోతాయి. ఇంట్లో కూర్చుని ఖర్చు లేకుండా నేర్చుకోగలిగినదాన్ని దినార్లు పోసి అమ్మాన్‌లో నేర్చుకోవద్దు. అక్కడ మాత్రమే దొరికేది ఒకటుంది: పొద్దున లేచింది మొదలు అరబిక్‌లో మాట్లాడక తప్పని పరిస్థితి. నువ్వు కొనుక్కుంటున్నది దాన్ని.

నేను చేసిన తప్పు ఇదే. అక్షరాలు వచ్చు కదా అని ధైర్యంగా పోయాను. మొదటి రోజు స్థాయి తెలుసుకునే పరీక్ష పెట్టారు. పది లైన్ల పేరా చదవడానికి నాకు పావుగంట పట్టింది. అన్నిటికంటే కింది క్లాసులో వేశారు. మొదటి తొమ్మిది రోజులు అలిఫ్, బా, తా దిద్దించారు. ఒక్కో రోజుకు ఎంత డబ్బు పోతోందో రాత్రిపూట లెక్కేసుకుని ఏడ్చాను. కువైట్‌లో డ్రైవింగ్ చేసి మా నాన్న పంపిన డబ్బది.

కాబట్టి మొదటి నెల అంతా లిపికే ఇవ్వు. అక్షరాలు 28, అవి నీకు వచ్చన్నావు. కానీ అక్షరాలు రావడం వేరు, చూపుతో మాటను పట్టుకోవడం వేరు. చాలా అక్షరాలు మాట మొదట్లో, మధ్యలో, చివర్లో రూపం మార్చుకుంటాయి. దానికితోడు అరబిక్‌లో హ్రస్వాచ్చులు రాయరు. మన గుణింతంలో తలకట్టు, గుడి, కొమ్ము లాంటి గుర్తులు వాళ్లకూ ఉన్నాయి: ఫత్‌హా, కస్రా, దమ్మా. పిల్లల పుస్తకాల్లోనూ ఖురాన్‌లోనూ వాటిని పెడతారు. పేపర్లో, బోర్డు మీద, పెద్దల పుస్తకాల్లో పెట్టరు. 'క-త-బ' అని మూడు అక్షరాలు కనిపిస్తే కతబ (రాశాడు) అని చదవాలా, కుతిబ (రాయబడింది) అనా, కుతుబ్ (పుస్తకాలు) అనా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. అందుకని మొదటి రెండు వారాలు గుర్తులున్న పాఠాలు చదువు. మూడో వారం నుంచి అదే పాఠాన్ని గుర్తులు లేకుండా నోటుపుస్తకంలో ఎత్తి రాసుకుని, మరుసటి రోజు చదువు. గట్టిగా, బయటకు వినబడేలా. నీ పరిచయస్తుల్లో మదరసాలో చదువుకున్న పిల్లలుంటే ఒకటి గమనించు: వాళ్ల ఉచ్చారణ చాలా శుద్ధంగా ఉంటుంది, గుర్తులున్నంతసేపు గడగడా చదువుతారు, గుర్తులు తీసేస్తే చాలామంది ఆగిపోతారు. ఆ గోడను నువ్వు ఇక్కడే దాటాలి.

చేతిరాత సంగతి నాకెవరూ చెప్పలేదు. పుస్తకాల్లో అచ్చయ్యేది నస్ఖ్ అనే శైలి. అమ్మాన్‌లో టీచర్ బోర్డు మీద రాసేది, దుకాణాల పేర్లు రాసేది చాలావరకు రుఖా అనే వేగపు రాత. అందులో రెండు చుక్కలు ఒక చిన్న గీత అయిపోతాయి, మూడు చుక్కలు గొడుగులాంటి గుర్తు అవుతాయి. యూట్యూబ్‌లో రుఖా పాఠాలు వెతికి ఒక వారం చేయి తిప్పు చాలు. అంకెలు కూడా. అక్కడ సున్న అంటే ఒక చుక్క. మన సున్నలా కనిపించేది ఐదు. బస్సు నంబరు, కూరగాయల ధర, ఇంటి నంబరు అన్నీ ఆ అంకెల్లో ఎదురుపడొచ్చు. మాట కుడి నుంచి ఎడమకు పోతుంటే అంకె మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి పోతుంది. పలికేటప్పుడు 25ను 'ఐదూ ఇరవై' అన్నట్టు పలుకుతారు. ఫోన్ నంబరు చెబుతుంటే రాసుకోవడం రోజూ పది సార్లు సాధన చెయ్. ఫోన్‌లో అరబిక్ కీబోర్డు ఈరోజే పెట్టుకో. ఇంకో చిన్న విషయం: అక్కడి కుర్రకారు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో అరబిక్ రాస్తారు, ఇంగ్లీషులో లేని శబ్దాలకు అంకెలు వాడతారు. 3 అంటే ఐన్ అనే గొంతు శబ్దం, 7 అంటే గట్టి హా, 2 అంటే హమ్జా, గొంతును ఒక్క క్షణం ఆపి వదిలే శబ్దం. ఇంటి ఓనరు పంపిన మెసేజ్ చూసి బ్యాంకు కోడ్ అనుకోవద్దు.

ఇక ఉచ్చారణ. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక వరముంది, మనమే గుర్తించం. హ్రస్వం, దీర్ఘం తేడా, ద్విత్వం తేడా మనకు పుట్టుకతో వచ్చినవి. పలు వేరు, పాలు వేరు. కల వేరు, కల్ల వేరు అని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అరబిక్‌లో దరస అంటే చదువుకున్నాడు, దర్రస అంటే చదువు చెప్పాడు. కతబ అంటే రాశాడు, కాతబ అంటే ఉత్తరప్రత్యుత్తరాలు నడిపాడు. నా క్లాసులో యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఈ తేడా వినడానికే వారాలు కష్టపడ్డారు, నాకు మొదటి రోజే వినబడింది. మన త, ద కూడా అరబిక్ తా, దాల్‌కు సరిగ్గా సరిపోతాయి.

కష్టమంతా గొంతు శబ్దాల దగ్గర, బరువు శబ్దాల దగ్గర. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనిపించే జంటలు కొన్ని చెప్తాను. కల్బ్ అని మామూలు కాఫ్‌తో అంటే కుక్క, నాలుక మూలాన్ని వెనక్కి నొక్కి ఖాఫ్‌తో అంటే గుండె. సైఫ్ అని తేలిక సీన్‌తో అంటే కత్తి, బరువైన సాద్‌తో అంటే ఎండాకాలం. తీన్ అని తేలిక తాతో అంటే అత్తిపండు, బరువైన తాతో అంటే బురద. ఆ బరువైన తాను మన 'ట' అనుకుని పలకొద్దు, చాలామంది చేసే తప్పిది. నాలుక కొన పళ్ల దగ్గరే ఉండాలి, నాలుక వెనక భాగం మాత్రం పైకి లేవాలి. పక్కనున్న అచ్చు కూడా లావెక్కుతుంది, తేడాను నిజంగా పట్టిచ్చేది ఆ అచ్చే. ఇంకో జంట నా ఉద్యోగంలో రోజూ తగిలేది: అలమ్ అని హమ్జాతో అంటే నొప్పి, ఐన్‌తో అంటే జెండా. కళ్లద్దాలు తుడిచేముందు నోటితో ఆవిరి ఊదుతాం చూడు, అదే గట్టి హా. ఐన్‌కు మాత్రం వర్ణన పనికిరాదు, వినాలి. ఇవి రోజూ ఇరవై నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకుని, అరబ్బులు పలికిన ఆడియో పక్కన పెట్టి విను. ఆరు వారాలకు గొంతు లొంగుతుంది. తప్పుగా అలవాటైన శబ్దాన్ని అమ్మాన్‌లో సరిచేసుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

మనకున్న ఇంకో అలవాటు ప్రతి మాట చివరా ఉకారం చేర్చడం. పుస్తకంలో కితాబ్ అని ఉంటే మన నోట కితాబు అని వస్తుంది. అరబిక్‌లో ఆ చివరి ఉ, అ, ఇ మూడూ విభక్తి గుర్తులు. కర్తకు ఉ, కర్మకు అ, సంబంధానికి ఇ. ఊరికే ఉ చేరిస్తే వాక్యం అర్థమే దెబ్బతినొచ్చు. మాటను హల్లు దగ్గర ఠక్కున ఆపడం ఇప్పటి నుంచే నేర్చుకో.

ఉర్దూ రాదని బాధపడకు. ఉర్దూ వస్తే లిపి, మాటలు కొంత తేలికవుతాయి, నిజమే. కానీ ఉర్దూలో సీన్, సాద్, సా మూడూ 'స' అయిపోతాయి. జాల్, దాద్, జా అన్నీ 'జ' అయిపోతాయి. అందుకే మన ఊళ్లో రంజాన్ అంటాం, అరబ్బులు రమదాన్ అంటారు. నాతో చదివిన లక్నో అబ్బాయికి ఉర్దూ బాగా వచ్చు, కానీ ఆ 'జ'లను విడదీసుకోవడానికే అతనికి కోర్సంతా పట్టింది. నీ పలక ఖాళీగా ఉంది, అది మేలే.

పైగా అరబిక్ మాటలు నీకు ఇప్పటికే బోలెడు వచ్చు. రాయలసీమలో పుట్టినవాళ్ల నోట అవి రోజూ ఆడుతుంటాయి. జిల్లా, రైతు, అర్జీ, నకలు, బాకీ, వసూలు, హక్కు, వకీలు, జవాబు, తారీఖు, కబురు, అసలు, రద్దు, హాజరు: ఇవన్నీ అరబిక్ నుంచి పారసీ, ఉర్దూ మీదుగా మన సర్కారు కచేరీల్లోకి, అక్కణ్నించి మన ఇళ్లలోకి వచ్చినవి. వీటిని ఊరికే జాబితాగా చూడకు, వీటి లోపలికి చూడు. అరబిక్ మాట సాధారణంగా మూడు హల్లుల ధాతువు మీద నిలబడుతుంది. క-త-బ అంటే రాత. కితాబ్ పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తూబ్ రాసినది, మక్తబ్ ఆఫీసు, మక్తబా లైబ్రరీ. ఇప్పుడు మన అమలు, మామూలు రెంటినీ పక్కపక్కన పెట్టు. రెండింటి ధాతువూ ఒకటే, ఐన్-మీమ్-లామ్, పని చేయడం. మక్తూబ్ అంటే రాసినది అయినట్టే మామూల్ అంటే చేసినది. అమ్మాన్‌లో పండక్కి ఖర్జూరం పెట్టి చేసే ఒక తీపి బిస్కెట్టు పేరు కూడా మామూల్. ఎయిర్‌పోర్టులో దిగగానే రెండు బోర్డులు కనిపిస్తాయి, దుఖూల్ అంటే లోపలికి, ఖురూజ్ అంటే బయటికి. దుఖూల్ లోపల మన దాఖలు ఉంది, ఖురూజ్ లోపల మన ఖర్చు ఉంది, చేతిలోంచి బయటికి పోయేది అని. ఆ రెండు బోర్డుల కింద నిలబడి ఆ సంగతి తట్టినప్పుడు నాకు పరాయి దేశంలో ఉన్నాననే భయం సగం పోయింది.

అర్థం మారిన మాటల దగ్గర జాగ్రత్త. మన తకరారు అంటే గొడవ, వాళ్ల తక్రార్ అంటే మళ్లీ మళ్లీ చేయడం. మన జల్సా అంటే సరదా, వాళ్ల జల్సా అంటే కూర్చోవడం, సమావేశం. ఇలాంటివి కనిపించినప్పుడల్లా ఒక పేజీలో రాసిపెట్టుకో.

వ్యాకరణాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం నాకు చాలా కాలాన్ని తినేసింది. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి తప్పదనుకున్నాను. 'ఇది పుస్తకం' అనడానికి అరబిక్‌లో హాదా కితాబ్ అంటే చాలు, మధ్యలో క్రియ అక్కర్లేదు. ఇంగ్లీషు పుస్తకం దాన్ని వింతగా చూపించి రెండు పేజీలు వివరిస్తుంది. తెలుగులోనూ మనం అంతేగా అనేది! 'నా దగ్గర పుస్తకం ఉంది' అనడానికి వాళ్లు ఇందీ కితాబ్ అంటారు, అక్షరాలా నా దగ్గర పుస్తకం అని. మనుషులు కానివి ఎక్కువైతే వాటిని స్త్రీలింగ ఏకవచనంగా చూస్తారు. 'ఆమె వచ్చింది, బస్సు వచ్చింది' అని ఒకే క్రియ వాడే మనకు అదీ మరీ కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఎదుటివాళ్లు ఆడా మగా అన్నదాన్ని బట్టి 'నువ్వు' మారుతుంది, అంత అంటే మగవాళ్లకు, అంతి అంటే ఆడవాళ్లకు. ఇద్దరికి విడిగా ద్వివచనం ఉంది. విశేషణం నామవాచకం తర్వాత వస్తుంది. కాబట్టి ప్రతి కొత్త పాఠాన్నీ ముందు తెలుగులో చెప్పుకుని చూడు.

ఏ అరబిక్ నేర్చుకోవాలి అన్నది నువ్వు అడగలేదు, కానీ మొదటి రోజే ఎదురవుతుంది. క్లాసులో చెప్పేది ఫుస్‌హా, అంటే పేపర్లు, వార్తలు, పుస్తకాల భాష. వీధిలో మాట్లాడేది ఆమ్మియ్యా. మన గ్రాంథికం, వ్యావహారికం గొడవ తెలుసుగా, అరబ్బులు ఆ రెండింటితోనూ ఈరోజుకీ కలిసి బతుకుతున్నారు. పైగా వ్యావహారికం దేశానికొకటి. 'నాకు కావాలి' అనడానికి పుస్తకంలో ఉరీదు, అమ్మాన్‌లో బిద్దీ. 'ఏమిటి' అనడానికి పుస్తకంలో మాదా, అమ్మాన్‌లో షూ, కైరోలో ఏహ్. వీధిలో ఎవరైనా 'యాడికి పోతాండావు' అంటే 'ఎక్కడికి వెళ్తున్నావు' అని పుస్తకంలో చదువుకున్నవాడు బిత్తరపోతాడు చూడు, మొదటి వారం నీ పరిస్థితి అది. దానికి మందు ఒకటే: ఫుస్‌హా పునాది ఇక్కడ వేసుకుని, జోర్డాన్ వీధి మాటలు యాభై అరవై నోటికి పట్టించుకుని పో. పలకరింపు, ధర, దారి, ఆకలి, నీళ్లు, డాక్టరు, ఇంటి అద్దె. వాటిలో మొదట నేర్చుకోవాల్సింది యాతీక్ అల్ ఆఫియె. పని చేస్తున్నవాళ్లు ఎవరు కనిపించినా అనే మాటది, దేవుడు నీకు ఆరోగ్యమివ్వాలి అని. ఆడవాళ్లతో అయితే యాతీకి. టాక్సీ డ్రైవరుతో, రొట్టెల కొట్టాయనతో, లైబ్రరీలో ఆవిడతో ఆ ఒక్క మాట అంటే వాళ్ల మొహమే మారిపోతుంది, నీతో ఓపికగా మాట్లాడతారు.

ఇక్కడే మన వైపువాళ్లకున్న అసలైన బలం చెప్పాలి. రాయచోటిలో, రాజంపేటలో, కడపలో, మీ ప్రొద్దుటూరులోనూ కువైట్‌లో పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఇళ్లలో పనిచేసి వచ్చిన ఆడవాళ్లున్నారు. మా వీధి చివర ఒక అత్త ఉంది. పద్నాలుగేళ్లు కువైట్‌లో ఒకే ఇంట్లో చేసింది. ఆ ఇంటి పిల్లల్ని పెంచింది. ఒక్క అరబిక్ అక్షరం చదవలేదు, కానీ ఆమె ఐన్ పలికితే మా అమ్మాన్ టీచర్ పలికినట్టే ఉంటుంది. నేను 2018లో వెళ్లేముందు ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు. చదువులేని ఆమె నాకేం నేర్పుతుందిలే అనుకున్నాను. తిరిగొచ్చాక ఒక సాయంత్రం ఆమె గడపలో కూర్చుని మాట్లాడితే తెలిసింది, నేను ఎనిమిది వారాల్లో పట్టుకోలేని స్వరం, ఆ పలుకుబడి ఆమె దగ్గరుంది. ఆ తర్వాత ప్రతి సెలవులోనూ ఆమె దగ్గర కూర్చున్నాను. ఆసుపత్రిలో ఈరోజు ముసలి ఒమనీ ఆడవాళ్లు నాతో మనసు విప్పి మాట్లాడుతున్నారంటే అందులో ఆమె పాలు పెద్దది.

అలాంటి అమ్మనో అత్తనో మీ వీధిలో వెతుక్కో. వారానికి రెండు సాయంత్రాలు చాలు. ఒక్కటి గుర్తుంచుకో, ఆమెది కువైట్ మాట. 'ఎలా ఉన్నావు' అని ఆడపిల్లను అడగాలంటే ఆమె శ్లోనిచ్ అంటుంది, అమ్మాన్‌లో కీఫిక్ అంటారు. మాటలు ఆమెవి తీసుకోకపోయినా శబ్దాలు తీసుకో, వినే అలవాటు తీసుకో. కంపెనీల్లో, రోడ్డు పనుల్లో చేసి వచ్చిన మగవాళ్ల అరబిక్ కొంచెం వేరు. అక్కడ పది దేశాల కూలీలు తమలో తాము మాట్లాడుకునే పొడి అరబిక్ అది, క్రియలకు రూపాలుండవు. మా నాన్నదీ అదే. ఫోన్లో ఏ కష్టం చెప్పినా 'మాఫీ ముష్కిల్' అనేవాడు, ఏం ఇబ్బంది లేదు అని. ఆ భాష మీద పంతొమ్మిదేళ్లు బతికి మమ్మల్ని చదివించాడు. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు, కానీ వ్యాకరణం మాత్రం దాన్నుంచి నేర్చుకోవద్దు.

పుస్తకాల విషయానికొస్తే, ముందు మీ సంస్థకు మెయిల్ రాసి ఏ పుస్తకం వాడతారో, ఏ పాఠం నుంచి మొదలుపెడతారో కనుక్కో. చాలాచోట్ల జార్జ్‌టౌన్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన అలిఫ్ బా, దాని తర్వాత అల్ కితాబ్ వాడతారు. అదే అయితే అలిఫ్ బా మొత్తం ఇంట్లోనే ముగించు. ఇంగ్లీషు ఇబ్బందిగా ఉంటే మదీనా పుస్తకాలని పిలిచే మూడు భాగాల పాఠాలు పట్టుకో. చిన్న చిన్న వాక్యాలు, ప్రతి పాఠంలోనూ బోలెడు సాధన. వాటిని రాసిన డాక్టర్ వి. అబ్దుర్రహీం గారిది తమిళనాడులోని వాణియంబాడి, మనకు పక్కనే. అల్ జజీరా వాళ్ల అరబిక్ నేర్పే వెబ్‌సైట్ ఉచితం, వార్తల ఆడియో స్థాయిల వారీగా దొరుకుతుంది. నిఘంటువు హాన్స్ వేర్. అందులో మాటలు ధాతువు కింద ఉంటాయి, మక్తబా కోసం మీమ్ దగ్గర వెతికితే దొరకదు, కాఫ్ దగ్గర వెతకాలి. ఈ వెతుకులాట నేర్చుకోవడానికి రోజుకు ఐదు మాటలు చొప్పున మే నెలంతా పెట్టు. నాలుగు నెలలకు ఐదారు వందల మాటలు గట్టిగా వస్తే చాలు. రెండు వేలు మొహం తెలిసినట్టు రావడం కంటే అది మేలు. రోజుకు గంటన్నర అనుకో, కానీ ఆదివారం ఒక్కసారే ఆరు గంటలు కూర్చుని సరిపెట్టుకోవద్దు.

అక్కడ స్థాయి పరీక్షలో ఉన్నదున్నట్టు రాయి. పక్కవాళ్ల సాయంతో పై క్లాసుకు పోయినవాళ్లు రెండో వారానికి మాట్లాడటం మానేశారు, నా కళ్లతో చూశాను. క్లాసు నాలుగు గంటలైతే ఇంటిపని ఇంకో నాలుగు గంటలుంటుంది, రోజుకు ముప్పై దాకా కొత్త మాటలు. మూడో వారం తల బరువెక్కి, వచ్చిన మాటలు కూడా రానట్టు అనిపిస్తుంది. అందరికీ జరుగుతుంది, నాలుగో వారంలో సర్దుకుంటుంది. శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం క్లాసు మొదలవుతుంది. ఇంటికి ఫోన్ చేసే సమయం ఒకటి పెట్టుకుని మిగతా టైమంతా అరబిక్‌లోనే ఉండు. జోర్డాన్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడ సాయంత్రం ఆరైతే ఇక్కడ అమ్మ భోంచేసే వేళ. తెలుగువాళ్లు దొరికితే సంతోషమే, కానీ వాళ్లతో ఒకే గదిలో ఉండొద్దు.

గది విషయంలో నేను దెబ్బ తిన్నాను. ఒక బ్రోకరుకు ఇక్కణ్నించే రెండు నెలల అద్దె పంపాను. పోయి చూస్తే క్లాసుకు గంటన్నర దూరం, మేడ మీద ట్యాంకులో నీళ్లు లేవు. డబ్బు తిరిగి రాలేదు. మొదటి వారం సంస్థ చూపించిన చోటే దిగి, తర్వాత కళ్లతో చూసి గది మార్చుకో. అమ్మాన్‌లో ఇళ్లకు నీళ్లు రోజూ రావు, వారానికి ఒకసారి వచ్చినప్పుడు మేడ మీది ట్యాంకులు నింపుకుంటారు. మన అనంతపురం, కడప పిల్లలకు నీళ్లు చూసి వాడుకోవడం చెప్పక్కర్లేదు. గది చూడటానికి పోయినప్పుడు ట్యాంకు ఎంతదో, ఎంతమందికో అడుగు.

అమ్మ టెన్షన్‌కు కాగితాలతో సమాధానం చెప్పు. పాస్‌పోర్ట్‌కు ప్రయాణం నాటికి ఆరు నెలలకు పైగా గడువుండాలి. మన జిల్లాలో ఈసీఆర్ ముద్ర, అంటే కొన్ని దేశాలకు పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర సంగతి అందరికీ తెలుసు, జోర్డాన్ కూడా ఆ దేశాల జాబితాలో ఉంది. అది ఉద్యోగానికి పోయేవాళ్ల కోసం. పదో తరగతి పాసైన నీకు నాన్ ఈసీఆర్ పాస్‌పోర్ట్ వస్తుంది, దరఖాస్తులో ఆ సర్టిఫికెట్ జతచేయడం మర్చిపోవద్దు. ఒంటరిగా పోయే ఆడపిల్లను ఇమిగ్రేషన్‌లో నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడుగుతారు. అడ్మిషన్ లెటర్, ఫీజు రసీదు, తిరుగు టికెట్, బస చిరునామా, ఇన్సూరెన్స్ అన్నీ ఒకే ఫోల్డర్లో కాగితం మీదే పెట్టుకో. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి సంస్థనూ ఢిల్లీలోని జోర్డాన్ ఎంబసీనీ మెయిల్‌లో అడిగి, ఆ జవాబు ప్రింటు తీసుకో. వీసా ఎన్ని రోజులకు ఇచ్చారో చూసుకో, ఎనిమిది వారాలకు సరిపోకపోతే పొడిగింపు ఎలాగో మొదటి రోజే ఆఫీసులో అడుగు.

భద్రత గురించి అమ్మ అడిగేది న్యాయమైన ప్రశ్న. 2011 దాకా అరబిక్ విద్యార్థులు ఎక్కువగా డమాస్కస్‌కు పోయేవారు, సిరియా యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది, చాలామంది అమ్మాన్‌కు మళ్లారు. జోర్డాన్ నగరాల్లో నేను రాత్రి తొమ్మిదికి కూడా స్నేహితురాళ్లతో నడిచాను. కానీ చుట్టుపక్కల దేశాల్లో మంటలు రేగితే విమానాలు ఆగుతాయి, 2025 జూన్‌లో జోర్డాన్ గగనతలం కూడా మూశారు. అందుకని తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకో. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో విద్యార్థిగా పేరు నమోదు చేసుకో. దిగిన వారంలోనే అమ్మాన్‌లోని మన ఎంబసీకి నీ చిరునామా పంపు. అమ్మకు సంస్థ ఆఫీసు నంబరు, ఇంకో ఇద్దరు క్లాస్‌మేట్ల నంబర్లు ఇవ్వు. మా అమ్మ భయం నా మాటలకు తగ్గలేదు, ఆ మూడు నంబర్లు ఫోన్లో పెట్టుకున్నాక తగ్గింది.

డబ్బు దగ్గర చిన్న అంకె చూసి మోసపోవద్దు. దినార్ డాలరుకంటే పెద్దది, ఒక దినార్ దాదాపు 1.41 డాలర్లు. టీ అర దినార్ అంటే అర రూపాయిలా వినబడుతుంది, కానీ అది అరవై రూపాయలకు తక్కువ కాదు. ఒకే రూటులో నలుగురైదుగురిని ఎక్కించుకుని తిరిగే సర్వీస్ టాక్సీలు మన షేర్ ఆటోల్లాంటివే, చవక. వాటిలో కూర్చుంటే వినడమూ సాధనే. శాకాహారమైనా తిండికి లోటుండదు: ఫలాఫల్, హుమ్ముస్, ఫూల్ అనే చిక్కుడు గింజల కూర, పప్పూ బియ్యం కలిపి వండే ముజద్దరా. కారం మాత్రం ఉండదు. చెనిక్కాయల పొడి, ఊరగాయ గట్టిగా ప్యాక్ చేసి పెట్టుకో. అమ్మాన్ కొండల మీది ఊరు, పగలు ఎండ ఎంతున్నా రాత్రి చలిగాలి వీస్తుంది, ఒక స్వెటర్ చాలు. పొడుగు చేతుల వదులు బట్టలు, కొండ మెట్లెక్కడానికి గట్టి బూట్లు, రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చీటీతో సహా. గీతలున్న నోటుపుస్తకాలు నాలుగు ఇక్కణ్నించే తీసుకెళ్లు.

ఇప్పుడు చేయాల్సిన పని చెప్తాను. పైన రాసిన జంటలు నాలుగు, కల్బ్, సైఫ్, తీన్, అలమ్, ఒక్కోటి మూడుసార్లు పలికి రికార్డు చెయ్. దరస, దర్రస కూడా చేర్చు. ఆదివారానికి నాకు పంపు. విని, నీ ఖాఫ్ ఎక్కడుందో, ఐన్ ఎంత దూరంలో ఉందో చెప్తాను. అక్కణ్నుంచి మొదలుపెడదాం.